అరవై అడుగుల ఎత్తున ఒక తాడు

హైదరాబాదు నుంచి వరంగల్లు వెళ్ళే దారిలో, భువనగిరి ఏకశిలా దుర్గం వెనుకబడిన కొంతసేపటికి తాటిచెట్లు చిక్కబడతాయి. చెరువుకట్టల మీద, పొలాల గట్ల మీద, అక్కడక్కడ వనాలుగా నిలబడి ఉంటాయి. బస్సు కిటికీలోంచి చూసే ప్రయాణికుడికి అవి దృశ్యంలో ఒక భాగం మాత్రమే. కాని ఉదయం వేళ కాస్త నిదానించి చూస్తే, ఏదో ఒక చెట్టు తల దగ్గర, మానుకు దూరంగా వెనక్కు వాలి, గాలిలో కూర్చున్నట్లుగా ఒక మనిషి కనిపిస్తాడు. అతని నడుము వెనుకనుంచి మాను చుట్టూ తిరిగిన ఒక్క తాడే అతనికి ఆసరా. ఆ తాడును దగ్గరనుంచి చూడాలనే కోరికతో ఆ దారిలో ఒక చిన్న ఊళ్ళో దిగాను.

నన్ను తనవెంట తాటివనానికి తీసుకువెళ్ళిన గౌడు అరవై ఏళ్ళు దాటినవాడు. పద్నాలుగో ఏట తండ్రి వెంట మొదటి చెట్టెక్కాడట. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. నడుస్తూనే భుజాన ఉన్న సరంజామా ఒక్కొక్కటే చూపించాడు. మోకు అంటే మానునూ మనిషినీ కలిపి చుట్టే లావుపాటి తాడు. ముస్తాదు నడుముకు కట్టుకునేది. గీతకత్తులు, లొట్లు అన్నీ దానినే ఆశ్రయించుకుని ఉంటాయి. గుజి రెండు పాదాలనూ కలిపిపట్టే చిన్న తాటివలయం. చూడటానికి ఇవి మూడే. అయితే ఎంపికలో ఉన్న పట్టింపు ఇంతా అంతా కాదు.

“ఎవరి మోకు వాళ్ళకే సరిపోతది సారూ. నాది నా కొడుక్కియ్య. వాని నడుము వేరు, వాని చెట్లు వేరు” అన్నాడాయన.

ఆ మాటలో లెక్క ఉంది. మోకు మరీ పొడుగైతే మనిషి మానుకు దూరమై, చేయి గెలకు అందదు. మరీ పొట్టిదైతే వెనక్కు వాలడానికి వీలుండదు. వాలకపోతే పాదాలు మానును గట్టిగా తన్నవు. పాదాలు ముందుకు తన్నాలి, నడుము వెనక్కు లాగాలి. ఈ రెండు బలాల మధ్య పుట్టే రాపిడే అతన్ని నిలబెడుతుంది. ఒక్క క్షణం ముందుకు వంగి, మోకును వదులుచేసి, రెండు చేతులతో పైకి విసిరి, మళ్ళీ వాలి, గుజి వేసిన కాళ్ళను పైకి లాగుకుంటాడు. నా కళ్ళ ముందే పెద్దాయన అరవై అడుగుల చెట్టెక్కి, గెల కొసను పలుచగా చెక్కి, నిండిన లొట్టి దించుకుని వచ్చాడు. నేను గడియారం చూసుకోవడం మరిచిపోయాను.

కిందికి వచ్చాక మోకును నేలమీద పడవేయలేదు. ఒక చెట్టు మొదట్లో ఆనించి, జానెడు జానెడుగా వేళ్ళతో తడిమి చూశాడు. రాపిడికి పేలికలైన చోటు ఉందా, లోపలి పురి తెగిందా, ఎలుక కొరికిందా అన్న పరీక్ష అది. రోజూ జరిగేదే. ఎండలో ఆరవేయరాదు, తడిలో చుట్టిపెట్టరాదు. నైలాను తాళ్ళకూ ఇదే జాగ్రత్త అవసరం. పైకి కొత్తగానే కనిపిస్తున్నా ఎండ తాకిడికి అవి లోలోపల బలం కోల్పోతాయి. మరొక సంగతి చాలామందికి తెలియదు. ముడి వేసిన తాడు తన బలంలో మూడోవంతు దాకా, ఒక్కొక్కప్పుడు అంతకు మించీ, ఆ ముడి దగ్గరే పోగొట్టుకుంటుంది.

ఇంత నైపుణ్యమూ, ఇంత జాగ్రత్తా ఉన్నా మోకులో ఒక లోపం మిగిలే ఉంది. పాదాలు మానును తన్నినంతసేపే అది మనిషిని పట్టి ఉంచుతుంది. వాన తడికి కాలు జారినా, కందిరీగలు కుట్టి ఒళ్ళు కదిలినా, వెనక్కు లాగే బలం పోయి మోకు వదులవుతుంది. వదులైన మోకు మానుమీద జారిపోతుంది, లేదా ఎక్కడో చిక్కుకుని మనిషి తలకిందులుగా వేలాడతాడు. అలా చిక్కుకున్నవారిని ఊరంతా కలిసి దించిన సంఘటనలు పత్రికలలో ఎన్నోసార్లు చదివాం. పెద్దాయన తమ్ముడు పడినచోటు వనంలోనే ఉంది. ఆయన వేలు చూపించాడే గాని ఆగలేదు. తమ్ముడు బతికాడు. పదకొండేళ్ళు మంచంమీద బతికాడు.

ఇతర దేశాలలో చెట్లెక్కే వృత్తివారు ఏం చేస్తారు? బరువు కట్టిన సన్నని దారాన్ని ఎత్తైన కొమ్మ మీదుగా విసిరి, దాని వెంట 11 నుంచి 13 మిల్లీమీటర్ల మందం ఉన్న తాడును లాగి, ఆ తాడుమీద ఎక్కుతారు. బ్రిటన్‌లో 2005 నాటి నిబంధనల ప్రకారం తాడుమీద వేలాడి పనిచేసేవారికి సాధారణంగా వేరువేరుగా కట్టిన రెండు తాళ్ళు ఉండాలి. ఒకటి పనికి, రెండవది ప్రాణానికి. బాగానే ఉంది. కాని తాటిచెట్టుకు కొమ్మ ఏదీ? మట్టల అంచులు రంపపు పళ్ళు. విసిరిన తాడు వాటిమీద ఆగినా తెగుతుంది. కనుక తాటిచెట్టుమీద రక్షణ అనేది మనిషితోబాటే అడుగడుగునా పైకి ప్రయాణం చేయాలి.

కేరళలో కొబ్బరి చెట్లకు ఒక యంత్రం వచ్చింది. కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన ఒక రైతు రూపొందించినది. రెండు ఇనుపచట్రాలు మానును పట్టుకుంటాయి. కుడి ఎడమ కాళ్ళతో మార్చి మార్చి తొక్కుతూ ఎక్కవచ్చు. 2011లో కొబ్బరి అభివృద్ధి మండలి యువతీయువకులకు యంత్రంతో చెట్లెక్కడం నేర్పే శిక్షణ ప్రారంభించింది. మన కోనసీమ దింపు కార్మికుడు ఒక చెట్టు దగ్గరకు నెల దాటాక గాని మళ్ళీ రాడు. యంత్రం బిగించడానికి నాలుగు నిమిషాలు పట్టినా నష్టం లేదు. గీత పని అటువంటిది కాదు. గెల కొసను పూటపూటా చెక్కకపోతే అది ఎండి, ధార ఆగిపోతుంది. అవే చెట్లు, రోజుకు రెండుసార్లు, ఒక్కొక్క కాలంలో మూడుసార్లు.

2024 జూలై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షక కవచం’ పంపిణీ ప్రారంభించింది. గౌడుల కులదైవం పేరు పెట్టడంలో ఔచిత్యం ఉంది. పెద్దాయన కొడుక్కు అందులో ఒకటి వచ్చింది. నడుమునూ తొడలనూ పట్టే పట్టీలు, తాళ్ళు, కొక్కేలు. చెట్టుకు చుట్టిన తాడు, మనిషి జారి బరువు పడగానే మానును బిగించి పట్టుకోవాలి. మోకు చేయలేని పని అదే. కొక్కేలను గురించి ఒక మాట: వాటి బలాన్ని కిలోన్యూటన్లలో ముద్రిస్తారు. ఒక కిలోన్యూటను సుమారు 102 కిలోల బరువుకు సమానం. నిలువుగా 20కి పైగా తట్టుకునే కొక్కెం, అడ్డంగా బరువు పడితే దాదాపు మూడోవంతుకే లొంగిపోవచ్చు. కొనేటప్పుడు అంకె చూసినంత మాత్రాన చాలదు, తగిలించేటప్పుడు దిశ చూడాలి. ఇంకొకటి, పట్టీలలో కదలకుండా వేలాడటమూ ప్రమాదమే. కాళ్ళలో రక్తం నిలిచిపోతుంది. పడకుండా ఆగినవాణ్ణి త్వరగా దించే మనిషి కింద ఉండి తీరాలి. ఒంటరిగా గీసే వృత్తిలో ఇది చిన్న షరతు కాదు.

తండ్రికి ఆ కవచమంటే గిట్టదు. “నేను రెండు చెట్లు దిగేలోపల వాడు ఒకటి ఎక్కుతడు. పొద్దెక్కితే కల్లు పులుస్తది, బేరం పోతది” అన్నాడు. కొడుకు ఎదురు చెప్పలేదు. అతనికి ఇద్దరు పిల్లలు. చిన్నాయన మంచాన్ని పదకొండేళ్ళు చూసినవాడు. రోజుకు నాలుగు చెట్లు తగ్గించుకున్నాడు, అంతే. నా మటుకు నాకు కొడుకు లెక్కే సరైనదిగా తోచింది. అయితే ఆ నాలుగు చెట్ల ఆదాయం పోయింది నా ఇంట్లో కాదు.

ఎనిమిదింటికి సన్నని జల్లు మొదలైంది. మాను నల్లగా తడిసింది. పెద్దాయన మోకును గోనెపట్టాలో చుట్టి, ఒక చెట్టు కింద కూర్చున్నాడు. కొడుకు కల్లు దించి ఊళ్ళోకి వెళ్ళాడు. కవచం పక్కనే ఒక రాయిమీద ఉంది. కొంతసేపు దానికేసి చూసి, పెద్దాయన లేచి పట్టీలు తొడుక్కున్నాడు. తాడును మానుకు తన నడుమెత్తున చుట్టి, కొక్కెం తగిలించి, నా వైపు చూడకుండానే రెండు పాదాలూ నేలనుంచి ఎత్తేశాడు. తాడు కిర్రుమని బిగుసుకున్నది. నేలకు జానెడెత్తున ఆయన అలాగే వేలాడుతూ ఉండిపోయాడు.

కాళ్ళు ఆనించి, కొక్కెం విప్పి, తాడును ఇంకొక మూరెడు పైకి జరిపాడు.

“ఇంకొక్కపారి చూస్త” అన్నాడు.