మోటారు గదిలో ప్రోబయోటిక్

ప్రోబయోటిక్ పొట్లం మీద ‘చల్లని, ఎండ తగలని చోట ఉంచండి’ అని ఉంటుంది. మా పెద్దేముల్‌లో ఏప్రిల్, మే నెలల్లో అలాంటి చోటు వెతుక్కోవాలి. నేను వెతకలేదు. మా చేపల గుంట మోటారు గదిలో మేత బస్తాల మీద పడేశాను. పైన రేకులు, మధ్యాహ్నం లోపల మనిషి నిలబడలేడు. పొట్లంలో ఉన్నవి లాక్టోబాసిల్లస్ జాతివి. బాసిల్లస్ అయితే సిద్ధబీజాల రూపంలో వేడిని ఓర్చుకుంటుంది. వీటికి ఆ కవచం లేదు. పైగా మేతకు పట్టించడానికి గంజి కాచి, పొగలు పోతుండగానే కలిపేవాణ్ని, ఆరబెట్టేది ఎండలో. అంటే చేపలకు నేను పెట్టింది ఖరీదైన పిండి.

ప్రోబయోటిక్‌కు 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఆ సూక్ష్మజీవులు బతికుండాలి, చాలినన్ని ఉండాలి. అలా పేగుకు చేరితేనే అక్కడ చోటూ తిండీ ఆక్రమించి, ఏరోమోనాస్ లాంటి రోగకారకాలను నిలవనీయవు. రోగకారకాల్ని మింగే రక్తకణాలను, ఆ రోగకారకాల గోడల్ని కరిగించే లైసోజైమ్‌ను చురుకు చేస్తాయి. ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకునే శక్తి చేపకు మనకున్నంత లేదు, పుట్టుకతో వచ్చిన ఈ రక్షణే దానికి పెద్ద దిక్కు. మేతలో కలపడం మానేస్తే కొన్నాళ్లకు ఆ సూక్ష్మజీవులు పేగులోంచి పోతాయి కూడా. నేనేమో జ్వరం గోళీలాగా జబ్బు కనపడ్డప్పుడే వాడేవాణ్ని.

రవ్వ చేపల పొట్ట కింద ఎర్ర మచ్చలు చూసి కంగారుపడి పర్మాంగనేట్ చల్లాను. మర్నాడే నీళ్లలో ప్రోబయోటిక్ పోస్తుంటే గట్టు మీద మా చిన్నాయన అన్నాడు: “పురుగులను సంపే మందు పోసినవ్, అండ్లనే మళ్ల పురుగులు పోస్తున్నవ్. అవి బతుకుతయారా?” ఇంట్లో చదువుకున్నవాణ్ని నేను!

అసలు దెబ్బ వానాకాలంలో తగిలింది. డ్రమ్ములో బెల్లం, తవుడు, బాసిల్లస్ పొడి రాత్రంతా నానబెట్టాను. తెల్లారి మూత తీస్తే పుల్లటి వాసన, పైన నురగ. బాగా పొంగిందని సంబరపడ్డాను. బయట ముసురు పట్టి ఉంది. అయినా డ్రమ్ము మొత్తం గుంటలో కుమ్మరించాను. బెల్లం తిని పెరిగే సూక్ష్మజీవులు నీటిలో ఆక్సిజన్ లాగేస్తాయి, ఎండ లేక నాచు కొత్తది ఇవ్వలేదు. ఆ రాత్రే కరెంటు పోయి ఏరేటర్ ఆగింది. తెల్లవారుజామున బొచ్చెలు పైకి తేలి, నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. చాలా చచ్చాయి. ఇప్పుడైతే ఎండ కాసిన రోజు పొద్దెక్కాక, ఏరేటర్ తిరుగుతుండగా, కొంచెం కొంచెంగా పోస్తున్నా.

మందుల కొట్లో ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. మా దగ్గర్లోనే కోట్‌పల్లి ప్రాజెక్టు ఉంది. అందులోని చేపకు ప్రోబయోటిక్ ఎవరు పెట్టారు? అక్కడ నీళ్లెక్కువ, చేప పలచన. నేను అత్యాశతో గుంటలో చేపపిల్లల్ని కిక్కిరిసేలా వదిలాను. తినగా మిగిలిన మేత అడుగున నల్లటి బురదై కుళ్లిన గుడ్ల వాసన కొట్టేది. అందుకే గుంట ఎండగట్టి బురద తీయించి, సున్నం చల్లి, పిల్లల్ని తగ్గించి వదిలాను. ప్రోబయోటిక్ మాత్రం మానలేదు. గంజి చల్లారిందో లేదో వేలు పెట్టి చూశాకే కలుపుతున్నా, నీడలో ఆరబెడుతున్నా.

ఈసారి జబ్బు రాలేదు. అందులో ప్రోబయోటిక్ వాటా ఎంతో, పలచగా వదలడం వాటా ఎంతో విడదీయలేను. రెండో గుంట తవ్వించగలిగితే ఒకదాంట్లో పెట్టి, ఒకదాంట్లో మానేసి చూడాలి.