ఎవరి గాలిలో రాసిన రివ్యూ?

ఒక హైడ్రోఫాయిల్ కొందామని రెండు నెలలుగా రివ్యూలు చదువుతున్నాను. పుస్తకాల రివ్యూలు చదివే అలవాటున్నవాడికి వీటిలో ఒక సంగతి త్వరగానే పట్టుబడుతుంది. రాసినవాడు ఏ గాలిలో నిలబడి రాశాడో చెప్పడు. హవాయిలోనో, స్పెయిన్ కొసన టరీఫాలోనో వీచే గాలి అతనికి ఎంత మామూలంటే, దాని ఊసెత్తాలని కూడా తోచదు.

వింగ్ ఫాయిలింగ్ అంటే చేతుల్లో గాలి నింపిన రెక్క, కాళ్ళ కింద బోర్డు, దాని కింద నిలువు మాస్టు, మాస్టు చివర నీళ్ళలో విమానం రెక్కలాంటి ఫాయిల్. వేగం అందితే బోర్డు నీటి మీంచి లేస్తుంది. ఊహ కొత్తదేం కాదు. 1906లోనే ఎన్రికో ఫోర్లానినీ ఇటలీలోని మజ్జోరే సరస్సు మీద పడవని ఇలా లేపాడు. కాకపోతే ఆయనకి ఇంజనుంది.

నాకున్నది మా విజయనగరం జిల్లాలో గోస్తనీ మీద కట్టిన తాటిపూడి జలాశయం. చుట్టూ కొండలు. కొండ దాటొచ్చే గాలి ముక్కలు ముక్కలుగా వస్తుంది. కాసేపు గంటకు 15 కిలోమీటర్లు, ఉన్నట్టుండి 30, తర్వాత ఏమీ ఉండదు. గాలి వేగం రెట్టింపైతే చేతిలో రెక్క మీద బలం నాలుగింతలు.

లెక్క వేశాను. నేనూ సామానూ కలిపి 90 కిలోలు. లిఫ్ట్ గుణకం 1 అనుకుంటే, 1000 చదరపు సెంటీమీటర్ల ఫాయిల్ లేవడానికి గంటకు 15 కిలోమీటర్ల వేగం కావాలి. 1800ది అయితే 11 చాలు. మా మధ్యాహ్నాలన్నీ ఆ నాలుగు కిలోమీటర్ల తేడాలోనే ఉన్నాయి.

అయితే పెద్దది కొనేస్తే సరిపోదు. చింతపల్లి తీరంలో ఏళ్ళ తరబడి తెప్ప మీద తిరిగిన ఒక పెద్దాయన నా లెక్కంతా విని, "గాలున్నప్పుడు ఎవుడైనా ఎల్తాడు బాబూ. ఆగిపోనాక ఏటి సేస్తావో అది సెప్పు," అన్నాడు. అసలు ప్రశ్న అదే. పొడుగ్గా సన్నగా ఉండే ఫాయిల్‌ని నీరు తక్కువగా వెనక్కి లాగుతుంది, గాలి లేని సందుల్లో కూడా అది జారుతూ పోతుంది. కానీ వేగం మరీ తగ్గితే ఒక్కసారిగా పడేస్తుంది. పొట్టిగా వెడల్పుగా ఉండేది ఓర్చుకుంటుంది గానీ, గాలి ఆగగానే కూర్చుండిపోతుంది. అందుకే 1800లో మరీ పొడుగు కాని, మరీ పొట్టి కాని రకం ఎంచుకున్నాను. వేసవిలో నీళ్ళు తగ్గుతాయి కాబట్టి మాస్టు 75 సెంటీమీటర్లదే.

సుంకంతో కలిపి రెండు నెలల జీతం. ముందు తొక్కి చూసే వీలు లేదు. విశాఖకి తాగునీరిచ్చే జలాశయం కాబట్టి దిగే ముందు అనుమతి అడగాలి. ఇన్ని చిక్కులున్నా, "మీ గాలి పనికిరాదు" అన్న మాట మాత్రం ఒప్పుకోలేను. విమర్శలోనూ ఇదే చూస్తుంటాం. వేరే చోట తయారైన కొలబద్దతో ఇక్కడి కథని కొలిచి, కథలో బలం లేదంటారు.

రేపు నేను రివ్యూ రాస్తే మొదటి వాక్యం గాలి గురించే. ఏ నెల, ఏ గంట, ఎంత వేగం, మధ్యలో ఎన్ని నిమిషాలు ఆగింది. ఫాయిల్ సంగతి ఆ తర్వాత.