తల్లి వాసన

కరీంనగర్ జిల్లాలో మేము కాపురమున్న ఊళ్లో, మా ఇంటి వెనుకనే ఒక కురుమ తాత గొర్రెల దొడ్డి ఉండేది. ఒక చలికాలపు ఉదయం అందులో ఒక గొర్రె ఈని చనిపోయింది. అదే రాత్రి ఇంకొక గొర్రెకు చచ్చిన పిల్ల పుట్టింది. తల్లిలేని పిల్లను దీని దగ్గర వదిలితే వాసన చూసి తలతో కుమ్మి పారేసింది. మూడుసార్లూ అంతే.

అప్పుడు తాత చచ్చిన పిల్ల తోలు ఒలిచి, బ్రతికిన పిల్లకు చొక్కావలె తొడిగాడు. మేము ముఖాలు త్రిప్పుకున్నాం. "అది కండ్లతోని పోల్చదు సారూ, ముక్కుతోనే పోలుస్తది" అన్నాడు తాత. గొర్రె పిల్ల తోక దగ్గర మూచూసి, లోగొంతుతో పలికింది. పిల్ల పొదుగు అందుకున్నది! కొన్నాళ్లకు తోలు తీసివేసినా అది తన్నలేదు.

ప్రియులారా, ఈ సంగతిని శాస్త్రజ్ఞులు బాగుగా పరిశోధించారు. ఈనేటప్పుడు గొర్రె మెదడులో ఆక్సిటోసిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు విడుదలవుతాయి. మెదడు ముందుభాగాన వాసనను మొదట అందుకొనే చిన్న ఉబ్బు ఉన్నది. అంతవరకు మేత వాసనలకే ఎక్కువగా స్పందించిన అక్కడి కణాలు, ఈనిన తరువాత పిల్ల వాసనకు స్పందిస్తాయని కెండ్రిక్ మొదలగువారు 1992లో ప్రకటించారు. కొద్ది గంటలలోనే ఆ గుర్తు పడిపోతుంది. బాదంగింజ ఆకారపు అమిగ్డలాలో కొంత భాగాన్ని మందుతో మొద్దుబారిస్తే, తల్లి పిల్లను నాకుతుంది, పాలిస్తుంది గాని తనదేదో పరాయిదేదో నేర్చుకొనలేదు. మనుష్యులలోను వాసన దాదాపు సూటిగా ఈ భాగాలకే చేరుతుంది.

చూపు మందగించిన ఇస్సాకు ఏశావు వస్త్రముల వాసన చూచి యాకోబును దీవించెను (ఆదికాండము 27). అక్కడా మేకపిల్లల తోళ్లున్నవి. అది మోసమే. తాత చేసినది మాత్రం మోసమని మాకు తోచలేదు.

ఆ యేడే మా చెల్లెలు ఆదిలాబాద్‌లో ప్రభువునందు నిద్రించగా, ఆమె మూడేండ్ల పాపను తెచ్చుకున్నాం. పాప తల్లి పాత చీరను ముఖానికి అదుముకొని పడుకొనేది. మురికిగా ఉన్నదని ఒకనాడు సబ్బుతో ఉతికి ఆరవేశాం. ఆ రాత్రి పాప దానిని వాసన చూసి విసిరికొట్టి, తెల్లవార్లు ఏడ్చింది. మొండితనమని కోపపడ్డాం కూడా.

దొడ్డినుండి వచ్చాక మేమిద్దరం చాలాసేపు మాటలాడలేదు. చెల్లెలి పెట్టె అడుగున ఉతకని చీర ఇంకొకటి ఉన్నది. ఆ రాత్రే తీసి పాప ప్రక్కలో పెట్టాం.