ఎత్తని విస్తళ్ళు

మీ ఇంట్లో కంప్యూటరు ఉద్యోగం చేసే కొడుకో కోడలో ఉన్నారా? అయితే అర్ధరాత్రి ఫోన్లు మీకూ అలవాటే అయివుంటాయి.

పోయినేడాది నెల రోజులపాటు మా కోడలికి రాత్రి రెండింటికి ఫోను మోగేది, 'సర్వర్ పలకడం లేదు' అని. మనకి రాత్రయితే అమెరికాలో పగలు, అప్పుడే దానికి రద్దీ. తను లేచి సర్వర్‌ని ఆపి మళ్ళీ మొదలుపెట్టేది. ఈలోగా ఏడాది నిండని మనవడు ఏడుపు లంకించుకునేవాడు. ఓ రాత్రి, "పిల్లాణ్ణి ఏడిపించే ఈ ఉద్యోగం మనకెందుకే?" అని నోరు జారాను. తనూ ఓ మాట అంది. పొద్దున్నే "సారీ అత్తయ్యా" అంది. నేను పలకలేదు.

నాలుగు రోజులు గడిచాయి. ఆ రాత్రీ ఫోను మోగింది. ఉండబట్టలేక పిల్లాణ్ణి ఎత్తుకుని పక్కన కూర్చున్నాను. "అసలు దానికొచ్చిన రోగమేమిటి?" అన్నాను.

"పెళ్ళి భోజనాలనుకోండి అత్తయ్యా. తిన్నవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఎంగిలి విస్తళ్ళు ఎత్తలేదు. తర్వాతి బంతి ఎక్కడ కూర్చుంటుంది?"

సర్వర్‌కి వచ్చే ప్రతి కనెక్షనూ ఓ విస్తరట. అవతలివాళ్ళు 'నా పని అయింది' అని కబురు పెడతారు. సర్వర్ 'అందింది' అంటుంది. ఆ తర్వాత ఇటువైపు ప్రోగ్రాము కూడా తన వంతు మూసెయ్యాలి. మూసేదాకా ఆ కనెక్షన్ 'క్లోజ్ వెయిట్' అనే స్థితిలో పడివుంటుంది. దానికి గడువంటూ లేదు. లినక్స్‌లో ఒక్కో ప్రోగ్రాముకి మామూలుగా 1024 దాకానే హద్దు. అది నిండిందా, కొత్తవాళ్ళకి చోటు లేదు!

"మరి తిన్నాక తాంబూలం నములుతూ కూర్చునేవాళ్ళో?"

తను నవ్వింది. "అది 'టైమ్ వెయిట్'. ముందు ముగించినవాళ్ళు, వెనకబడిన కబురేదైనా వస్తుందేమోనని కాసేపు ఆగుతారు. లినక్స్‌లో 60 సెకన్లకి వాళ్ళే లేచిపోతారు. వాళ్ళతో బాధ లేదు."

'ఎస్ఎస్' అనే కమాండు కొట్టి చూపించింది. తెర నిండా క్లోజ్ వెయిట్‌లే.

"ఆ హద్దేదో పెంచెయ్యరాదూ?"

"ఇంకో పందిరి వేసినట్టే. ఎత్తకపోతే అదీ నిండుతుంది."

రెండు రోజులకి అసలు తప్పు దొరికింది. పని సవ్యంగా సాగితే ప్రోగ్రాము కనెక్షన్ మూసేస్తోంది. మధ్యలో పొరపాటు జరిగితే మాత్రం మూసే వరుసదాకా రాకుండానే బయటపడిపోతోంది. మంచి జరిగినా చెడు జరిగినా చివర్లో మూసి తీరేలా మార్చింది. ఆ తర్వాత రాత్రి ఫోను మోగలేదు.

అదే రాత్రి పడుకోబోతూంటే నాకు తట్టింది. 'సారీ' అని తనవైపు ఏనాడో ముగించింది. ముగించనిది నేనే కదూ!

పొద్దున్న కాఫీ ఇస్తూ, "నేనూ తొందరపడ్డాన్లేవే" అన్నాను. తను నా చెయ్యి పట్టుకుంది.

మీ ఇంట్లోనూ ఎత్తని విస్తరేదైనా ఉండిపోయిందేమో, ఓసారి చూసుకోండి.