తాదో సందుగ

ఇప్పపూలు రాలే కాలంలో మా గూడెంలో తెల్లారేదాకా పడుకున్న మనిషి ఉండడు. కోడి రెండోసారి కూయకముందే అవ్వ గంపలు తీసి మమ్మల్ని లేపేది. కళ్ళు నులుముకుంటూ చెట్టు కిందికి పోతే, ముందురోజే ఆకు కాల్చి ఊడ్చిపెట్టుకున్న నేల మీద పూలు టప్పుటప్పున రాలుతుండేవి. ఆ తియ్యటి మత్తువాసన బట్టలకు పట్టి, వేళ్ళకు పట్టి, పొద్దెక్కేదాకా చీమలు మా వెంటే తిరిగేవి. పూలు ఎండి బుట్టల్లోకి ఎక్కీ ఎక్కకముందే తునికాకు వచ్చేది. యాభై ఆకులకో కట్ట. మా బాపమ్మకు అక్షరం ముక్క రాదు, నూరు దాటిన లెక్క అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది, కాని చీకట్లో కట్ట చేతికిస్తే మాత్రం, "ఇండ్ల రెండాకులు తక్కువున్నయి" అని బరువుతో చెప్పేది. కల్లం కాడ రాసుకునే మనిషి పుస్తకంలో లెక్క తప్పేది, బాపమ్మ అరచేతిలో తప్పేది కాదు.

ఇంద్రవెల్లికి మూడు కోసుల దూరంలో, కేస్లాపూర్ దారి వదిలి గుట్టెక్కితే మా గూడెం. పద్నాలుగు ఇండ్లు, ఒక చేదబావి, పొద్దున ఎవరు ఎదురొచ్చినా "రామ్ రామ్". బయటివాళ్ళు మమ్మల్ని గోండులంటారు, మాలో మేం కోయితూర్‌లం. పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశంవాళ్ళు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్ళు కాలినడకన తెస్తుంటే, దారిపక్కన చేతులు కట్టుకుని నిలబడి చూసేవాళ్ళం. దీపావళి ముందు దండారి ఆడేవాళ్ళు. గుస్సాడి వేషం కట్టిన మా చిన్నబాపు నెమలి ఈకల టోపీ కింద నాకే గుర్తుపట్టరాకుండా పోయేవాడు. ఒళ్ళంతా బూడిద పూసుకుని, మేకతోలు భుజానేసుకుని ఎగురుతుంటే ఆయన నిజంగా చిన్నబాపేనా, దేవుడే వచ్చాడా అని అవ్వ చీర కుచ్చిళ్ళ వెనకనుంచి చూసేవాణ్ణి. ఇప్పటికీ సందేహమే.

మా నాయన తండ్రిని మా భాషలో తాదో అంటాం. తాదోకు ఒక సందుగ ఉండేది. తగరపుది, మూతమీద పూలు, ఆ పూల మీద తుప్పు. దాన్ని అటకమీంచి ఏడాదికి రెండు మూడుసార్లే దించేవాడు. తెల్ల తలపాగ ఒకటి, వెండి కడియం ఒకటి, వెదురుబొంగులో చుట్టిపెట్టిన ఒక కాగితం, అట్టలేని సన్నటి పుస్తకం ఒకటి. కాగితం ఉర్దూలో ఉండేది. పుస్తకం ఏ భాషో మాకెవరికీ తెలియదు. తాదోకు చదువు రాదు, కాని కాగితానికి ఎండ చూపించాలని ఎవరో చెప్పారు. ఎండాకాలం మొదట్లో దాన్ని విప్పి, నాలుగు మూలల నాలుగు రాళ్ళు పెట్టి, పక్కన కర్ర పట్టుకుని కూర్చునేవాడు. కోళ్ళు రాకుండా, పిల్లలం రాకుండా.

"ఏందది తాదో?"

"భూమి," అనేవాడు.

నన్ను బడికి పంపింది ఆ కాగితం కోసమే అనుకుంటా. ఇంట్లో ఒకడన్నా చదివితే వెదురుబొంగులో ఏముందో తెలుస్తదని తాదో ఆశ. పదేళ్ళప్పుడు ఆశ్రమ బడిలో వేశారు. బడిలో భాష తెలుగు, నాకొచ్చింది గోండి. మొదటిరోజు దాహమై లేచి నిలబడి "ఏర్" అన్నాను. మా భాషలో ఏర్ అంటే నీళ్ళు. పంతులుగారు ఏరనుకున్నాడు, వాగుకు పోయి ఈతకొడతానంటున్నానని అనుకుని కూర్చోబెట్టాడు. మళ్ళీ అడిగాను, రెండు తగిలించాడు. ఆయన చెడ్డవాడేం కాదు, రాత్రి జ్వరమొస్తే తన దుప్పటి కప్పేవాడు. ఒకే మాట ఇద్దరి నోళ్ళలో రెండు అర్థాలతో తిరుగుతుంటే ఇద్దరం ఏంచేస్తాం! వారం తిరిగేసరికి 'నీళ్ళు' వచ్చింది. క, ఖ, గ, ఘ ఇసుకలో వేలితో దిద్దీ దిద్దీ గోరు అరిగింది.

ఆరో తరగతిలో హిందీ మొదలైంది. ఆ సంవత్సరం దండారి సెలవులకు ఇంటికొస్తే తాదో సందుగ దించి ఉన్నాడు. అట్టలేని పుస్తకం తెరిచి చూస్తే అక్షరాలు హిందీవే! కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. హిందీ మాటలు కావు. రెండో వరుసకొచ్చేసరికి నా నోట్లోంచి గోండి వస్తోంది. వంటింట్లో జొన్నరొట్టె కొడుతున్న బాపమ్మ అక్కణ్ణుంచే కేకేసింది.

"ఎవనితోని మాట్లాడుతున్నవు రా?"

మర్లవాయిలో 1943లో, మా తెగ సంగతులు తెలుసుకోవడానికొచ్చిన హైమన్‌డార్ఫ్ దొర మా పిల్లల కోసం పెట్టించిన బడుల్లో గోండి వాచకాలు నాగరి లిపిలో అచ్చేశారని నాకు తర్వాత చాలా ఏళ్ళకు తెలిసింది. తాదో తమ్ముడు అక్కడ కొన్నాళ్ళు చదివి, ఆ పుస్తకం ఒక్కటి మిగిల్చి, పెద్దజ్వరాల్లో పోయాడట. ఆ రోజు అదేమీ తెలియదు. పుస్తకం ఇంట్లోవాళ్ళలాగా మాట్లాడుతుందనీ, రొట్టెలు కొట్టే మనిషికి అది చదువులాగా కాక మాటలాగా వినబడుతుందనీ మాత్రం తెలిసింది. చదువుకోవడం అంటే అంతవరకు నాకు గొంతు మార్చుకోవడమే.

ఏడో తరగతి తర్వాత బడి ఆగింది. ఎద్దుల జతలో ఒకటి చనిపోయింది, బాపుకు మనిషి అక్కర పడింది. అంతే. అందులో అనుకోవడానికేం లేదు, మా ఈడు పిల్లలందరికీ ఏదో ఒక ఎద్దు చనిపోయే ఉంటుంది. ఆ తర్వాత నా చదువంతా పొట్లాల మీద సాగింది. సోమవారం ఇంద్రవెల్లి అంగడి నుంచి వచ్చే ఉప్పు, మిరపకాయలు, బెల్లం, పొగాకు, అన్నీ పాత పేపర్లలోనే కట్టి ఇచ్చేవాళ్ళు. అవ్వ పొట్లం విప్పీ విప్పకముందే కాగితం లాక్కునేవాణ్ణి. సగం చిరిగిన వార్తలు, నూనె మరకల కింద మంత్రుల మొహాలు. ఎమర్జెన్సీ ఎత్తేశారని మా గూడేనికి మిరపకాయల పొట్లం చెప్పింది, అప్పటికి ఎత్తేసి కొన్ని నెలలయింది. అయినా తాదో సంతోషంగా విని, "అంటే ఏందిరా?" అన్నాడు. నాకూ తెలియదు. తుమ్ముతూ చదివాను, అది గుర్తుంది.

ఒక బెల్లం కాగితంలో '1/70' అని కనిపించింది. గిరిజనుల భూములు, 1/70 అని. లెక్కల్లో భిన్నాలు చదివినవాణ్ణి గదా, డెబ్బైలో ఒక వంతు అని తాదోకు చెప్పాను. తాదో చాలాసేపు చుట్ట కాల్చి, "డెబ్బైల ఒక పాలన్న మనకు వస్తదంటవా?" అన్నాడు. అది 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషననీ, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే చట్టమనీ తెలుసుకునేసరికి నాకు మీసాలొచ్చాయి. తాదో లెక్క కూడా పూర్తిగా తప్పని మాత్రం ఇప్పటికీ అనలేను.

1981 ఏప్రిల్ 20 కూడా సోమవారమే. అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం మీటింగుందని, పర్మిషన్ ఇవ్వలేదని కొందరికి తెలుసు, చాలామందికి తెలియదు. బాపు, అవ్వ ఎప్పటిలాగే పొద్దున్నే ఎండిన ఇప్పపూల గంపతో దిగారు. నాకు చలిజ్వరం, బాపమ్మ దగ్గర పడుకున్నాను. పొద్దుగూకినా రాలేదు. బాపమ్మ గుమ్మంలో దీపం పెట్టి, నూనె అయిపోతే మళ్ళీ పోసి, కూర్చునే ఉంది. తెల్లారుజామున అడవిలోంచి వచ్చారు, దారిమీంచి కాదు. గంప లేదు. అవ్వ కాలికి ఒక చెప్పుంది. ఎవరూ ఏమీ అడగలేదు. బాపమ్మ గట్క గిన్నె ముందు పెట్టింది, ఇద్దరూ తిన్నారు. ఆ వారం మా ఇంట్లో ఉప్పు లేదు.

ఆ రోజు ఇంద్రవెల్లిలో జరిగిన పోలీసు కాల్పుల సంగతి తర్వాత ఒక పొట్లం మీద దొరికింది. బాపు అరుగుమీద తునికాకు కడుతున్నాడు. నేను చదువుతున్నానని చూసి, తలెత్తకుండానే, "ఎంతమందని రాసిన్రు?" అన్నాడు.

"పదమూడు."

బాపు చేతిలో ఉన్న కట్ట విప్పి, మళ్ళీ మొదటి ఆకు నుంచి లెక్కపెట్టాడు.

ఇంద్రవెల్లిలో ఇప్పుడు స్తూపముంది. చాలా ఏళ్ళు ఆ తారీకున అక్కడికి పోవడానికి ఆంక్షలుండేవి. నేను మాత్రం వేరే రోజుల్లో, సంచీ పట్టుకుని అంగడికి పోతున్నట్టే పోయేవాణ్ణి.

ఉర్దూ కాగితం సంగతి అట్లాగే ఉండిపోయింది. ఎవరికి పడితే వాళ్ళకు చూపిస్తే కాగితం పోతుందని తాదో భయం, అట్లా పోయిన కాగితాలు చుట్టుపక్కల గూడేల్లో ఉన్నాయి. చివరికి ఉట్నూరులో కోట పక్కన కుట్టుమిషను పెట్టుకున్న ఒక ముసలి సాయిబు, మా తాదోకు పాత దోస్తు, చదువుతానన్నాడు. నేనూ తాదో నడిచి పోయాం. సాయిబు మిషను ఆపి, చేతులు కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, గట్టిగా, కాస్త రాగంగా చదివాడు. ఫసలీ సంవత్సరం, తాలూకా, గూడెం పేరు, ఎకరాలు, సరిహద్దులు. తూర్పుకు వాగు, పడమటికి పెద్ద ఇప్పచెట్టు. తాదో కళ్ళు మూసుకుని, పర్ధాన్ కిక్రి వాయిస్తూ దేవుళ్ళ కథ చెప్తుంటే విన్నట్టు విన్నాడు. మధ్యలో తన పేరొచ్చింది. రాసినవాళ్ళెవరో ఒక అక్షరం మార్చారు. సాయిబు అట్లాగే చదివాడు.

"అది నేను గాదు," అన్నాడు తాదో.

"నువ్వే లేవయ్యా," అన్నాడు సాయిబు.

తిరిగొచ్చే దారిలో తాదో రెండుసార్లు ఆగి, ఆ మారిన పేరును తనలో తాను అనుకుని చూసుకున్నాడు. కొత్త చెప్పులేసుకున్నవాడిలాగా. పెద్ద ఇప్పచెట్టు అప్పటికే పిడుగుపడి పోయిందనీ, దాని మొదలు తనకు తెలుసుననీ గుట్ట ఎక్కేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఎప్పుడో అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి మారుతూ మా గూడేనికి వచ్చింది. రాత్రిళ్ళు చిమ్నీ పెట్టుకుని తాదోకు గోండిలో మార్చి చెప్పేవాణ్ణి. భీం 1940లో ఆశ్వయుజ పున్నమినాడు జోడేఘాట్‌లో పడిపోయినప్పుడు తాదో వయసు ముప్పై చిల్లర. ఆ రోజుల్లో భీం పేరు ఇంట్లో కూడా మెల్లగానే అనేవాళ్ళట. నేను చదువుతుంటే ఊకొట్టేవాడు, కొన్నిచోట్ల ఆపి, "ఆ బాట అట్ల పోదు, మర్రికాడ మళ్ళుతది" అని దిద్దేవాడు. నేను పెన్సిలుతో పక్కన రాసుకునేవాణ్ణి. ఆ ప్రతి ఇప్పుడు నా దగ్గర లేదు. ఎవరి దగ్గరుందో, ఆ గీతలు చూసి ఏమనుకుంటున్నారో.

ప్రైవేటుగా పది పాసై, గిరిజన కార్పొరేషన్ డిపోలో సేల్స్‌మన్ అయ్యాను. తపసిబంక, ఇప్పపువ్వు తూకమేసి, బియ్యం, కిరోసిన్ ఇచ్చి, రాయడం. పని తక్కువున్న మధ్యాహ్నాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని హైమన్‌డార్ఫ్ రాజగోండుల మీద 1948లో వేసిన ఇంగ్లీషు పుస్తకం, వారానికి రెండు పేజీల లెక్కన చదివాను. భీం పోరాటం తర్వాత నిజాం సర్కారు ఆయన్ని ఇక్కడి సంగతులు తెలుసుకొమ్మని పిలిచింది, ఆయన భార్య బెట్టీతో మర్లవాయిలో మకాం పెట్టాడు. 1942లో నాగోబా జాతరలో దర్బారు మొదలైంది ఆయన చలవతోనే. ఒకే సగ, అంటే ఒకే వంశాల గుంపు వాళ్ళు పెళ్ళి చేసుకోరు, ఏ సగకు ఎంతమంది దేవుళ్ళు, అన్నీ రాశాడు. చదివింది చదివినట్టు బాపమ్మకు చెప్పేవాణ్ణి. అప్పటికామెకు చూపు ఆనేది కాదు. ఒకరోజంతా విని, "ఇది తెలుసుకోను అంత దూరం నుంచి వచ్చిండా పాపం!" అంది. తర్వాత, "మనకు ఈ సంగతి ఎవ్వలు చెప్పిన్రని రాసిండు?" అంది. నేను ఆ ప్రశ్నకు పుస్తకంలో వెతికాను. పేర్లున్నాయి, కొన్ని.

వెతుకులాట అక్కడితో ఆగలేదు. నార్నూరు మండలంలోని గుంజాల, మా గూడెం నుంచి బస్సులో గంటన్నర. అక్కడి పెద్దల ఇళ్ళలో గోండి సొంత లిపిలో చేతిరాత ప్రతులున్నాయని పరిశోధకులు బయటపెట్టారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది, ఇప్పుడు ఫోన్లో కూడా రాయొచ్చంటున్నారు. నేను హిందీ అక్షరాల్లో గోండి దొరికిందని గంతులేసిన రోజున కూడా అవి అక్కడే, ఎవరి సందుగలోనో ఉన్నాయి.

డిపో ఉద్యోగం అయిపోయాక ఆ లిపి నేర్చుకోవడానికి గుంజాల పోయాను. పిల్లల మధ్య బొంత మీద కూర్చోబెట్టారు. మోకాళ్ళు మడవడానికే కాసేపు పట్టింది. నేను పలక మీద అలవాటు కొద్దీ 'క' ఎట్లా ఉంటుందని అడిగాను. పక్కనున్న ఎనిమిదేళ్ళ పిల్ల నవ్వింది.

"తాదో, మనది 'క' తోని మొదలుగాదు. 'య' తోని."

య, వ, బ, భ, మ. ఆ తర్వాతే క. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బయట టేకు ఆకు రాలి అడవి తేటగా ఉంది, ఎక్కడో ఇప్పచెట్ల కింద ఆకు కాలుస్తున్న పొగ. వేలితో మోకాలి మీద దిద్దుకుంటూ, మరిచిపోతానేమోనని పైకే అనుకుంటూ వస్తున్నాను. య, వ, బ, భ, మ. పక్కసీటు ఆయన కాసేపు చూసి, మంత్రం అనుకున్నాడేమో, కాళ్ళు ముడుచుకుని కొంచెం జరిగి కూర్చున్నాడు.