భద్రాచలపు దారిలో ఊపిరి ముచ్చట

మా వదినగారును నేనును ఖమ్మములో వేకువ బస్సెక్కితిమి. కొత్తగూడెములో దిగి, గనిలో పనిచేయు మేనల్లుని చూచి, పిమ్మట భద్రాద్రి రాముని సేవింపవలెనని మా సంకల్పము. కొత్తగూడెపు రైలుస్టేషనుకు భద్రాచలం రోడ్డని పేరు. ఆ పేరు నమ్మి దిగినవారికి గుడి యింకను నలుబది కిలోమీటర్ల దూరము!

ఇల్లెందు ప్రాంతమున 1871లో డాక్టరు కింగు బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. మా మేనల్లుడు రక్షకదళమువాడు. వీపున ప్రాణవాయువు కట్టుకొని విషవాయువులోనికి పోవుట వాని పని. వదినగారికి ఆ తలపుతోనే నిద్ర పట్టదు.

"నీకే ఆపద వచ్చిన నీకెవ్వరురా ఊపిరి పోయువారు?" అని యామె యడిగిరి.

వాడు నవ్వక చెప్పినాడు. గనిలో నిప్పు పుట్టినచో వెలువడు కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు కూర్చుండవలసిన పీటపై తాను కూర్చుండును. (తలుపులు మూసి బాలింతగదిలో కుంపటి పెట్టు తల్లులారా, ఆ విషమే యిది!) మామూలు గాలిలో అందు సగము పోవుటకు సుమారు 5 గంటలు పట్టును, స్వచ్ఛమైన ప్రాణవాయువు పీల్చిన గంటన్నరలోపు, మూడు రెట్ల యొత్తిడిగల గదిలో పీల్చిన అరగంటలోపే. ఒత్తిడిలోని ప్రాణవాయువుతో ఎలుకలు ఈ విషమునకు తట్టుకొనునని హాల్డేను 1895లోనే చూపెను.

"తనంతట ఊపిరి తీయలేనివానికో? అంబులెన్సులోని చిన్న వెంటిలేటరును ఆ గదిలో పెట్టరాదా?"

"అక్కడనే చిక్కమ్మా. ఒత్తిడి రెట్టింపైన గాలి రెట్టింపు చిక్కనగును. అరలీటరుకు త్రిప్పి పెట్టినను పెక్కు యంత్రములు అంత యియ్యలేవు. కొన్నిటి వేగమును తగ్గును."

"పలుచని మజ్జిగలో తిరిగిన కవ్వము గడ్డపెరుగులో మొరాయించినట్లా?"

"అట్లే!" అని వాడు సంతోషించెను. అందుచే రోగి విడిచిన గాలిని వేరుగా కొలిచి మీట సవరింతురట. గొంతులోని గొట్టము చుట్టునుండు బుడగ ఒత్తిడికి ముడుచుకొని గాలి ప్రక్కకు జారును గనుక దానిని నీటితో నింపుదురట. ప్రాణవాయువు నిండినచోట చిన్న విద్యుత్తు రవ్వయైనను కొంపముంచును. కాబట్టి ఒత్తిడిగదిలో పరీక్షించిన యంత్రములనే లోనికి రానిత్తురు. బజారులో దొరకిన దెల్ల పనికిరాదు.

పాల్వంచ దాటినపిమ్మట టేకుచెట్ల నీడలు బస్సులోనికి వచ్చి పోవుచుండెను. 1965లో ప్రారంభమైన వంతెనపై గోదావరిని దాటునపుడు అందరును చేతులు జోడించిరి. వదినగారు మాత్రము ఫోను తీసి, "రాత్రి డ్యూటీ యెన్నడురా?" అని అడుగుచుండిరి.