నేను కెమెరాను గొనిన వృత్తాంతము

“మాస్టారూ, అన్ని కెమెరాలలోను మంచిది యేది?” అని మా పాఠశాల విద్యార్థులు నన్ను తరచుగా నడుగుచుందురు. నా భుజమునుండి వ్రేలాడు నల్లని పెట్టెను జూచి నేనీ విద్యయందు ప్రవీణుడనని వారి భ్రమ. ఆ పెట్టెను గొనుటకు నాకు పదునొకండు మాసములు పట్టెను. ఆ కాలమున నేను నేర్చుకొన్నదియు గలదు, పోగొట్టుకొన్నదియు గలదు. రెండును దాచక వ్రాసెదను.

2019వ సంవత్సరమున మా నాయనగారు ప్రభువునందు నిద్రించిరి. సంస్మరణ కూటమునకు ఆయన పటము కావలసివచ్చి యిల్లంతయు వెదకితిమి. డెబ్బదియారు సంవత్సరములు జీవించిన మనుష్యునకు ఒక్క మంచి ఛాయాచిత్రము లేకపోయెను. మా వివాహపు ఆల్బమునందు ఆయన వెనుక వరుసలో నెవరి భుజము చాటుననో యున్నారు. తుదకు ఓటరు గుర్తింపు కార్డుపై తపాలాబిళ్ళంత యున్న బొమ్మను పట్టణమున పెద్దది చేయించి చట్రము కట్టించితిమి. కన్నులుండవలసిన చోట రెండు బూడిదరంగు మచ్చలు మాత్రమే కనబడును. నేటికిని అదియే మా గోడకు వ్రేలాడుచున్నది. అమ్మ ప్రతి యుదయమును దాని గాజును చీరకొంగుతో తుడుచును. తుడిచినకొలది తేటపడునని ఆమె తలంపేమో యని నాకు తోచుచుండును.

మా పాలెములో నాయనగారివంటివారు పెక్కుమంది. నాట్లు వేసి, కలుపులు తీసి, మిరపకాయల తొడిమలు తీసి ముసలివారైరి. వారి ముఖములు గుర్తింపు కార్డులమీద తప్ప మరెక్కడను లేవు. వారందరికిని ఒక్కొక్క మంచి పటము తీసి, గోడకు తగిలించుకొనదగినంత పెద్దదిగా ముద్రించి యియ్యవలెనని నాకు గట్టి కోరిక కలిగెను. 2022 ఆగష్టులో చీటీ సొమ్ము రెండు లక్షల రూపాయలు నా చేతికి వచ్చెను. “వంటింటి రేకులు చిల్లులు పడ్డాయండీ. వానలకు ముందు అవి మార్పించండి, పైది మీ యిష్టం” అని నా భార్య యనెను. పైది యెంతయో నేను చెప్పలేదు, ఆమె యడుగలేదు.

అది మొదలు నాకు రాత్రులు నిద్రలేదు. ఫోనులో కెమెరాల గుణదోష విచారణలు చదువుటయే పని. 1975లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అను యువ ఇంజనీరు నిర్మించిన తొలి డిజిటల్ కెమెరా 0.01 మెగాపిక్సెళ్ళదట, ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుపై వ్రాయుటకు దానికి 23 సెకండ్లు పట్టెడిదట. 2005 నాటి కానన్ 5డి 12.8 మెగాపిక్సెళ్ళది, 2017 నాటి నికాన్ డి850 45.7 మెగాపిక్సెళ్ళది. ఇట్టివి చదువ చదువ అంకె పెద్దదైనకొలది పటము గొప్పదగునని నాకును మత్తెక్కెను. సెప్టెంబరులో సోనీ ఏ7 నాలుగవ రూపమును నిశ్చయించితిని. డిసెంబరు వచ్చుసరికి కానన్ ఆర్6 రెండవ రూపము మేలని తోచెను. 2023 మేలో నికాన్ జెడ్8 వెలువడెను; దాని వెల మూడు లక్షలకు పైబడుటచే నాకది అందదు గాని, దాని రాకచే తక్కినవాని వెలలు తగ్గునేమో చూతమని మరల నాగితిని.

మా అమ్మకు అక్కగారు, నాకు పెద్దమ్మ, మా వీధి చివరనే యుండెడిది. ఎనుబదినాలుగేండ్ల మనిషి. మిరపతొడిమలు తీసి తీసి ఆమె వ్రేళ్ళు కొంకులు తిరిగిపోయినవి. నేను తీయదలచిన మొదటి ముఖము ఆమెదే. నేను బడికి పోవునప్పుడెల్ల అరుగుమీదనుండి, “ఏరా అబ్బాయీ, నీ పెట్టె యింకా రాలేదా? వచ్చినాక ముందుగా చెప్పు, తెల్లచీర కట్టుకుంటా” అనెడిది. ఆదివారము గుడికి కట్టు చీర యది. “వచ్చే నెలలో, పెద్దమ్మా” అని నేను నవ్వుచు పోయెడివాడను. అట్లెన్ని నెలలు చెప్పితినో లెక్క లేదు.

జూను నెల రెండవ వారమున ఒక తెల్లవారుజామున ఆమె లేవలేదు. ఆ తెల్లచీరనే కట్టి పెట్టెలో నుంచిరి. ఆ పదునొకండు మాసములును నా జేబులో ఫోను ఉండెను. దానితోనైన నొక పటము తీసియుండవచ్చును. మంచి కెమెరా వచ్చినతరువాత తీయుదుమను మాట నా సోమరితనమునకు మారుపేరైనదని నాకు తెలియుటకు ఆమె చావు కావలసివచ్చెను.

భూస్థాపన మైన నాటి రాత్రి నేనొక తెల్లకాగితము తీసికొంటిని. రాజమహేంద్రవరమున ట్రెయినింగు కాలేజీలో చదువునప్పుడు పాఠ్యప్రణాళిక వ్రాయుటలో మాకు మొదట నేర్పినది, పాఠము యొక్క ఉద్దేశ్యము వ్రాయనిదే బోధనోపకరణమును పేర్కొనరాదని. గ్లోబు తెచ్చి బల్లమీద పెట్టి దానితో నేమి చెప్పుదమా యని యాలోచించు ఉపాధ్యాయునికి మార్కులు లేవు. ఇరువది యేండ్లుగా పిల్లలకు పాఠములు చెప్పుచు నేను చేసినది సరిగా నదియే. ఆ కాగితముమీద నిట్లు వ్రాసితిని: చీకటి యిండ్లలో, ఒక్క కిటికీ వెలుగున, కదలక కూర్చున్న వృద్ధుల ముఖములు. పటము 12 అంగుళముల వెడల్పు, 18 అంగుళముల పొడవు.

ఇంత వ్రాయగనే లెక్క తనంతట తాను తేలెను. చేతిలో పట్టుకొని చూచు పటమునకు అంగుళమునకు 300 పిక్సెళ్ళుండిన మిక్కిలి తేటగా నుండును. 12ను 300తోను, 18ని 300తోను హెచ్చవేసి, ఆ రెంటిని మరల హెచ్చవేసినచో 1,94,40,000. అనగా సుమారు 19½ మెగాపిక్సెళ్ళు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా చాలును, కొంత మిగులును. 45 మెగాపిక్సెళ్ళది కొన్న లాభమెంత? అంకె దాదాపు రెట్టింపగును గాని, అదే తేటతనముతో ముద్రింపగల పటము పొడవు 20 అంగుళములనుండి 27½ అంగుళములకు మాత్రమే పెరుగును. పిక్సెళ్ళు వైశాల్యము లెక్క, మనము చూచునది పొడవు లెక్క. ఏడవ తరగతి గణితమిది. నేను చెప్పు పాఠమే.

ఇచ్చట పదవ తరగతి విద్యార్థి యొకడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలెను. “మా అన్న ఫోనులో 108 మెగాపిక్సెళ్ళున్నాయి మాస్టారూ, మీదాంట్లో 24 యేనా?” అని వాడు జాలిపడెను. కెమెరాలో వెలుగును గ్రహించు ఫలకమును సెన్సారందురు. నా కెమెరాలో నది 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలది. ఫోనులోనిది చిటికెనవ్రేలి గోరంత. అంతటి ఫలకముమీద పదికోట్లకు మించిన గడులను ఇరికించినచో ఒక్కొక్క గడి మైక్రోనుకంటె చిన్నదగును. నా కెమెరాలోని గడి వెడల్పు సుమారు 6 మైక్రోనులు. వాన కురియునప్పుడు చూరు క్రింద గంగాళము పెట్టుటకును ఉగ్గుగిన్నె పెట్టుటకును గల భేదమే యిది. ఎండవేళ, జడివానలో ఉగ్గుగిన్నెయు నిండును. చీకటి యింటిలో, తుంపరలో, గంగాళమున కొన్ని నీళ్ళైన చేరును, ఉగ్గుగిన్నెలో అడుగు తడియదు. అందుచేతనే అట్టి ఫోనులు తొమ్మిది గడులను ఒక్కటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ళ బొమ్మగా నిచ్చుచుండును. ఇందుకు ఫోనును నిందింప బనిలేదు. నా పెద్దమ్మ అరుగుమీద పగటి వెలుగున అది చక్కగా పనిచేసియుండెడిది.

ఈ 36, 24 అను కొలత నేటిది గాదు. ఆస్కర్ బార్నాక్ అను జర్మను పనివాడు చలనచిత్రపు ఫిల్మును అడ్డముగా నడిపి రెండు చట్రముల చోటు నొకటిగా జేసి చిన్న కెమెరాను కల్పింపగా, 1925లో లైకా పేర నది విపణికి వచ్చెను. ఆ కొలతయే సెన్సారులకు సంక్రమించెను. ఫలకము పెద్దదైన కలుగు ప్రయోజనము అంతకు ముందును తెలిసినదే. ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకలపై తీసిన హైదరాబాదు చిత్రములలో తలపాగాల మడతలు నేటికిని లెక్కింపవచ్చును. ఆయన చేతిలో మెగాపిక్సెలు లేదు. పెద్ద పలకయు, మంచి కటకమును, ఓర్పును ఉండెను.

కటకము, అనగా లెన్సు, సంగతి నేను తుదకు గాని తెలిసికొనలేదు, అదియే మొదట తెలియదగినది. కెమెరాతో చేర్చి యమ్ము సాధారణపు కటకము ముఖచిత్రములు తీయు దూరమున నొకవంక 5.6 కంటె తెరచుకొనదు. 85 మిల్లీమీటర్ల కటకము 1.8 వరకు తెరచుకొనును. ఈ అంకె చిన్నదైనకొలది ద్వారము పెద్దది. రెండింటికి నడుమ వెలుగులో దాదాపు పదిరెట్ల భేదము. రెండు లక్షలు కెమెరామీదనే పోసి సాధారణ కటకమును తగిలించుకొనుటకంటె, సగము వెలగల కెమెరాకు మంచి కటకమును జేర్చుట మేలు. పైగా 85 కటకముతో తల, భుజములు పట్టుటకు ఆరడుగుల దూరము చాలును. మా పాలెపు గదులలో ఆరడుగులు దొరకును, పది దొరకవు.

ఇంతకు నేను కొన్నది కొత్తది కాదు. సోనీవారు 2013లోను, కానన్, నికాన్ వారు 2018లోను లోపల అద్దము లేని పూర్ణ పరిమాణపు కెమెరాలను తెచ్చినపిదప పెండ్లి ఛాయాగ్రాహకులు పెక్కురు పాతవానిని అమ్మివేసి వానికి మారిరి. అట్టి యొకరివద్ద 2014లో వెలువడిన నికాన్ డి750 నమూనా దొరకెను. 24 మెగాపిక్సెళ్ళది, షట్టరు 1,50,000 పర్యాయములు పనిచేయునని తయారీదారు పరీక్షించినది, నాకు చిక్కినది అప్పటికి 61,000 పర్యాయములు పనిచేసెను. కటకములో టార్చి వెలుగు ప్రసరింపజేసి బూజు తీగెలు లేవని చూచితిని. మా సముద్రతీరపు గాలికి కటకములకు బూజు పట్టుట సర్వసాధారణము. పాతది కొనువారు వెల యడుగుటకు ముందే యీ పరీక్ష చేయవలెను. కెమెరాకు 52,000, కటకమునకు 19,000 రూపాయలు. మిగిలిన సొమ్ములో వంటింటి రేకులు జూలైలో మారినవి, అప్పటికే రెండు వానలు లోపల పడినవనుకొనుడు.

దీనియందు కొరతలు లేకపోలేదు. కొత్త కెమెరాలు మనుష్యుని కంటిని తామే గుర్తించి దానిమీద దృష్టి నిలుపును. నాది నిలుపదు, గురిబిందువును నేనే కంటిమీద నుంచవలెను. ఎగురు పక్షులను, పరుగెత్తు ఆటగాండ్రను తీయగోరువాడు నా మాట వినక అద్దము లేనిదానినే కొనవలయును. చలనచిత్రముల మాట నేనెరుగను.

మొదటి వారమున కటకమును 1.8 వద్ద పూర్తిగా తెరచి మురిసిపోయితిని. ఆరడుగుల దూరమున నట్లు తీసిన, తేటగా నుండు లోతు రెండంగుళములైన లేదు. మా వీధి తాతగారి ఒక కన్ను తేటగాను, రెండవది మసకగాను వచ్చెను. ఆయన తన పటమును చూచి, “ఆ కంటికి శుక్లం ఉన్నట్టు నీ యంత్రానికి కూడా తెలిసిందే!” అని మెచ్చుకొనెను. నేను నిజము చెప్పలేదు. నాటినుండి 2.8 దాటి తెరచుట మానితిని. మరియొకటి నేర్చుకొన్నది: జెపెగ్ బొమ్మలో ప్రతి రంగునకు మెట్లు 256 మాత్రమే, రా అనబడు మూలప్రతిలో 16,384. నల్లని ముఖము, తెల్లని చీర ఒక్క పటములో నుండునప్పుడు రెంటి మడతలును దక్కవలెనన్న మూలప్రతియే శరణ్యము. మా పాలెములో ముసలమ్మలందరును తెల్లచీరలే కట్టుకొని వత్తురు.

ఇప్పటికి ముప్పదియొక్కరి పటములు తీసి యిచ్చితిని. వారిలో నలుగురు ఇప్పుడు లేరు. వారి యిండ్లలో పటములున్నవి.

అమ్మ పటమును మాత్రము చాలదినములు తీయనిచ్చినది కాదు. అక్కకు లేనిది తనకేల యనెను. ఒకనాటి మధ్యాహ్నము కిటికీ దగ్గర బియ్యములో రాళ్ళు ఏరుచుండగా, చేట ప్రక్కకు పెట్టనీయక, అట్లే తీసితిని. 2.8 ద్వారము, సెకండులో 125వ వంతు, ఐఎస్ఓ 800. ముద్రించి తెచ్చి చూపితిని. కనురెప్పల వెండ్రుకలు, చెవి తూటుకు సాగిన గీత, చేటలో నొక్కొక్క గింజయు కనబడుచున్నవి. ఆమె చాలసేపు చూచెను. నాయనగారి ప్రక్కన తగిలింతునా యని మేకు చేతబట్టుకొని యడిగితిని.

“వద్దురా. ఆయన అంత మసగ్గా ఉంటే, పక్కన నేనింత తేటగా ఎట్లా ఉంటాను?”

పటమును గుడ్డలో చుట్టి బీరువాలో నుంచితిని. మరునాటి ఉదయమున ఆమె యెప్పటివలెనే నాయనగారి గాజును తుడుచుచుండెను.